ప్లాస్మా ఫిజిక్స్ ఎలెక్టివ్ కోసం వేసవంతా ఎలా ప్రిపేరయ్యాను – నా అనుభవం

ఎమ్మెస్సీ మూడో సెమ్‌లో ప్లాస్మా ఫిజిక్స్ (ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన గ్యాస్ గురించిన ఫిజిక్స్) ఎలెక్టివ్ మొదలై నెల దాటింది, మొదటి ఇంటర్నల్ కూడా అయిపోయింది, అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా. ఏప్రిల్‌లో ఈ పేపర్ తీసుకోవాలా వద్దా అని నేను వెతికినప్పుడు తెలుగులో ఒక్కరు రాసింది కూడా నాకు దొరకలేదు, ఇంగ్లీషులో కనపడినవన్నీ ఏ పుస్తకం మంచిది ఏ పుస్తకం కష్టం అనే లిస్టులే, అవి చదివాక ఉన్న ధైర్యం కూడా పోయింది. రోజూ కూర్చుని ఏం చేయాలి, ఎంత టైమ్ పడుతుంది, ఎక్కడ ఆగిపోతాం, చేతి నుంచి ఎంత డబ్బు పోతుంది, నాకు కావాల్సింది ఇవి. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తా.

ఏప్రిల్ చివరి వారంలో రెండో సెమ్ ఆఖరి క్లాసు రోజు సార్ వచ్చి, వచ్చే సెమ్‌లో ప్లాస్మా చెప్దామనుకుంటున్నా, ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు సెలవుల్లో ఇవి చూసుకుని రండి అని ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉన్నవి నాలుగైదు లైన్లే. వెక్టర్ కాలిక్యులస్, మాక్స్‌వెల్ ఈక్వేషన్లు చూడకుండా రాయడం, లోరెంజ్ ఫోర్స్‌లో పార్టికల్ ఎలా కదులుతుందో, మాక్స్‌వెల్ బోల్ట్‌జ్‌మన్ డిస్ట్రిబ్యూషన్, ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్, కొంచెం కాంప్లెక్స్ ఎనాలిసిస్. చివర్లో క్వాంటమ్ అక్కర్లేదు అని రాసుంది. ఆ చివరి లైన్ చూసి నాకు చాలా ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే ఇంత కొత్త సబ్జెక్టు, సూర్యుడి లోపల జరిగేది, ఫ్యూజన్, ఇదంతా క్వాంటమ్ లేకుండా ఎలా అని. ఇప్పుడు అర్థమైంది, మామూలు ప్లాస్మాల్లో డెన్సిటీ తక్కువ, టెంపరేచర్ ఎక్కువ, ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి చాలా దూరం, కాబట్టి న్యూటన్, మాక్స్‌వెల్ ఇద్దరూ చాలు. అంటే డిగ్రీలో అందరం చదివినదే కావాలి, కానీ నిజంగా వచ్చుండాలి.

ఇంటికెళ్ళాక అసలు గొడవ మొదలైంది. మాది పుత్తూరు పక్కన పల్లె. నాయన అప్పటికే ఎమ్మెస్సీ అయిపోగానే బీఈడీ చేయించాలని ఫిక్స్ అయ్యున్నాడు, ఎడ్‌సెట్ ఎప్పుడు రాస్తావు అని రోజూ అడుగుతున్నాడు, మా అత్త అయితే కండెన్స్‌డ్ మాటర్ తీసుకుంటే ఏదో ఒక ఉద్యోగం వస్తుందంట కదా, మా పక్కింటి అబ్బాయి చెప్పాడు, నువ్వెందుకు ఎవరూ తీసుకోనిది తీసుకుంటావు అని. వాళ్ళది తప్పని నేను అనను, ఆ భయం నాకూ ఉంది. ఎమ్మెస్సీ పూర్తయ్యాకే ఆ మాట మాట్లాడదాం నాయనా, అప్పటిదాకా నన్ను చదువుకోనీ అని చెప్పా. సరే అన్నాడు కానీ మనసులో లేదు, ఆ బరువు వేసవంతా నాతోనే ఉంది.

పుస్తకం సంగతి. సార్ చెప్పింది ఫ్రాన్సిస్ చెన్ రాసిన పుస్తకం, 1974లో మొదటిసారి వచ్చింది, ఇప్పటికీ మొదటి కోర్సుకి ప్రపంచమంతా అదే చదువుతారు. మా లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీ సెలవులకి ఇవ్వరు, రెఫరెన్స్ అంట. కొత్తది కొనే పరిస్థితి లేదు. హైదరాబాద్‌లో ఉన్న నా డిగ్రీ ఫ్రెండ్‌కి చెప్తే వాడు ఆదివారం కోఠిలో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి 1984 నాటి రెండో ఎడిషన్ పట్టుకున్నాడు, 350 రూపాయలు, అట్ట సగం ఊడిపోయింది కానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. ఆర్టీసీ కార్గోలో వేస్తే తిరుపతి బస్టాండ్‌కి వచ్చింది, నేను వెళ్ళి తెచ్చుకున్నా, దానికి ఇంకో వందలోపు. చెప్పినప్పటి నుంచి చేతికొచ్చేదాకా రెండు వారాల పైనే పట్టింది. ఆ మధ్యలో ఆన్‌లైన్ కోర్సుల సైట్ ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ వి.కె. త్రిపాఠి గారి ప్లాస్మా లెక్చర్లు ఫోన్‌లో చూశా. ఫ్రీనే, ఖర్చల్లా డేటాకే, మా పల్లెలో సిగ్నల్ మిద్దె మీదే వస్తుంది కాబట్టి పొద్దున్నే ఎండ ఎక్కకముందే డౌన్‌లోడ్ చేసుకుని పగలు చూసేదాన్ని. అయితే ఒక మాట, లెక్చర్ చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఆపేసి అదే డెరివేషన్ కాగితం మీద మొదలుపెడితే రెండో లైన్‌లోనే ఆగిపోతాం. ఆ రెండో లైన్ దగ్గర ఆగడం కోసమే వేసవి సెలవులు ఉన్నాయని నాకనిపించింది.

మే నెల దాదాపు మొత్తం వెక్టర్ కాలిక్యులస్‌కే పోయింది, ఇది నేను అస్సలు ఊహించలేదు. ఒక వారంలో అయిపోతుందనుకుంటే మూడు వారాలు దాటింది. డిగ్రీలో గ్రాడియంట్, డైవర్జెన్స్, కర్ల్ అని ఐడెంటిటీలు లిస్టుగా ఉంటాయి, పరీక్షకి రెండు వస్తాయి, రాస్తాం, వచ్చేస్తాం, మన పరీక్షలు అలాంటివే. ఇక్కడ అలా నడవదు. ఇండెక్స్ నొటేషన్‌లో లెవి సివిటా గుర్తుతో ప్రతి ఐడెంటిటీనీ చేత్తో తేవాల్సి వచ్చింది. లాంగ్ నోట్‌బుక్కులు రెండు నిండాయి. కానీ నిజంగా కోర్సులో పనికొచ్చేవి ఏవో ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్తున్నా, అన్నీ ఒకే బరువుతో చదవొద్దు. కర్ల్ ఆఫ్ కర్ల్ ఐడెంటిటీ, ఇది ప్రతి వేవ్ ఈక్వేషన్‌లోనూ వస్తుంది. ఏ క్రాస్ బి క్రాస్ సి విప్పడం, ఇది లేకుండా ఒక్క డ్రిఫ్ట్ (ఫీల్డ్‌లో తిరుగుతున్న పార్టికల్ మెల్లగా పక్కకి జరగడం) కూడా రాదు. ఇంకోటి జె క్రాస్ బి ఫోర్స్‌ని రెండు ముక్కలు చేయడం, అందులో ఒకటి మాగ్నెటిక్ ప్రెజర్, ఇంకోటి ఫీల్డ్ లైన్ వంగితే తిరిగి సాగదీసినట్టు లాగే టెన్షన్. ఈ మూడోది చేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. కంటికి కనపడని మాగ్నెటిక్ ఫీల్డ్‌కి ప్రెజర్ ఉండటం, అది గ్యాస్ ప్రెజర్‌తో తలపడటం, ఇదంతా డిగ్రీలో రాసి వదిలేసిన ఆంపియర్ లా లోంచే వచ్చింది. సిలిండ్రికల్ కోఆర్డినేట్స్‌లో కర్ల్ ఒకటి మాత్రం కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి, దాన్ని ప్రతిసారీ డెరైవ్ చేసే అవసరం లేదు.

మే ఆఖర్లో నంబర్లు మొదలుపెట్టా. ఇక్కడ నాకు గైడ్ మా డిపార్ట్‌మెంట్ సీనియర్ అక్క, ఇప్పుడు గాంధీనగర్ దగ్గర ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. వారానికి ఒకసారి ఫోన్ చేసేదాన్ని. అక్క మొదటి ఫోన్‌లోనే చెప్పింది, థియరీ తర్వాత, ముందు ఏ ప్లాస్మా పేరు చెప్తే దానికి డెబై లెంగ్త్ (ఒక చార్జ్ ప్రభావం చుట్టూ ఎంత దూరం వరకు కనపడుతుందో), ప్లాస్మా ఫ్రీక్వెన్సీ (ఎలక్ట్రాన్లు వాటంతటవే ఊగే ఫ్రీక్వెన్సీ), గైరో రేడియస్ (మాగ్నెటిక్ ఫీల్డ్‌లో పార్టికల్ తిరిగే చుట్టు రేడియస్) మూడూ క్యాలిక్యులేటర్‌లో వెంటనే రావాలి, అది వస్తే సగం భయం పోతుంది అని. అమెరికా నేవల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ళు వేసే ప్లాస్మా ఫార్ములరీ అని చిన్న పుస్తకం ఉంది, పీడీఎఫ్ ఫ్రీ, డౌన్‌లోడ్ చేసి నాకు కావాల్సిన పేజీలు మాత్రం పుత్తూరులో జిరాక్స్ తీసి స్పైరల్ చేయించా. మొత్తం వేసవిలో ఎక్కువ వాడింది అదే.

ఇక్కడొక తిప్పలుంది, యూనిట్లు. ఆ ఫార్ములరీలో ఎక్కువగా సీజీఎస్, మనం చదివింది ఎస్ఐ. డెబై లెంగ్త్ ఫార్ములాలో సీజీఎస్‌లో 743 అని నంబర్, జవాబు సెంటీమీటర్లలో, డెన్సిటీ క్యూబిక్ సెంటీమీటర్‌కి ఇవ్వాలి. ఎస్ఐలో అయితే 7430, జవాబు మీటర్లలో. చూడటానికి ఒకేలా ఉన్నాయి కదా అని ఒకదాని చోట ఒకటి వేస్తే జవాబు ఎక్కడికో పోతుంది. మాక్స్‌వెల్ ఈక్వేషన్లలో కూడా సీజీఎస్‌లో ఎక్కడ చూసినా సి (కాంతి వేగం), 4π వచ్చి కూర్చుంటాయి. నేను చేసిందేంటంటే నోట్‌బుక్ మొదటి పేజీలో ఎస్ఐ మాత్రమే అని రాసేసి, ప్రతి ఫార్ములానీ ఒకసారి మార్చి పెట్టుకున్నా. ఇంకొకటి, ప్లాస్మా వాళ్ళు టెంపరేచర్‌ని కెల్విన్‌లో చెప్పరు, ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెప్తారు, 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే 11,600 కెల్విన్. మొదట్లో చిరాకు, తర్వాత అదే అలవాటైపోతుంది.

ఇంట్లో ట్యూబ్‌లైటుకి లెక్క వేశా. ఎలక్ట్రాన్ టెంపరేచర్ సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్ట్, డెన్సిటీ క్యూబిక్ మీటర్‌కి 10 పవర్ 17 అనుకుంటే డెబై లెంగ్త్ 23 మైక్రాన్లు వచ్చింది, ట్యూబ్ సైజుతో పోలిస్తే ఎంతో చిన్నది, డెబై స్ఫియర్‌లో (ఆ రేడియస్ ఉన్న గోళంలో) 5 వేలకి పైగా ఎలక్ట్రాన్లు. అంటే డెబై లెంగ్త్ చిన్నగా ఉండాలి, ఆ గోళంలో ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉండాలి అనే రెండు కండిషన్లకీ పాస్, మన తలపైన వెలిగేది ప్లాస్మానే. మరి 11,600 కెల్విన్ ఉంటే గాజు ఎందుకు కరగట్లేదు అని అక్కనడిగా. ఆ వేడంతా ఎలక్ట్రాన్లదే, అవి చాలా తక్కువ, తేలిక, మిగతా గ్యాస్ దాదాపు గది వేడిలోనే ఉంటుంది, ఒకే ట్యూబ్‌లో రెండు టెంపరేచర్లు అని చెప్పింది. నాకు ఇది ఒక రోజంతా మింగుడు పడలేదు. థర్మోడైనమిక్స్‌లో టెంపరేచర్ అంటే ఒక్కటే అని చదివి వచ్చినవాళ్ళం, ఒకే చోట రెండు ఉండొచ్చు అనేది ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది, తొందరపడకండి. అలాగే సాహా ఈక్వేషన్, 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చినది, దాంతో మామూలు గది గాలిలో ఎంత భాగం అయనైజ్ అయి ఉంటుందో లెక్క కడితే 10 పవర్ మైనస్ 122 వస్తుంది, చెన్‌లో కూడా ఉంది ఈ లెక్క. క్యాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది, లాగరిథమ్‌తో చేయాలి. అంత చిన్న నంబర్ నా చేత్తో నేను రాయడం అదే మొదటిసారి.

ఈ లెక్కలు చేస్తుంటే తాత వచ్చి పక్కన కూర్చునేవాడు. అయనోస్ఫియర్ (భూమి పైన వాతావరణంలో ఉండే ప్లాస్మా పొర) గురించి చెప్పా, క్యూబిక్ మీటర్‌కి 10 పవర్ 12 ఎలక్ట్రాన్లు ఉంటే ప్లాస్మా ఫ్రీక్వెన్సీ 9 మెగాహెర్ట్జ్ వస్తుంది, దానికంటే తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో పైకి వెళ్తే తిరిగొచ్చేస్తుంది, 100 మెగాహెర్ట్జ్ దగ్గరుండే ఎఫ్ఎమ్ మాత్రం దాటి వెళ్ళిపోతుంది, అందుకే ఎఫ్ఎమ్ దూరం పట్టదు అని. తాత వెంటనే రేడియో సిలోన్ ఎత్తాడు. షార్ట్‌వేవ్‌లో తెలుగు పాటలు వచ్చేవి, పాట మధ్యలో గొంతు సన్నగిల్లిపోయి మళ్ళీ వచ్చేది, మేమంతా సెట్టు పాడైందనుకుని కొట్టేవాళ్ళం, అది పైన జరిగేదా అన్నాడు. అవును తాతా, ఆ పైన పొర కదులుతూ ఉంటుంది, దాంతో సిగ్నల్ క్షణక్షణానికీ మారుతుంది అన్నా. ఈ సబ్జెక్టు ఎవరికీ పనికిరాదు అన్న మాట మా ఇంట్లో ఆ రోజు నుంచి కొంచెం తగ్గింది.

జూన్‌లో సింగిల్ పార్టికల్ మోషన్. ఈ చాప్టర్ నాకు అన్నిటికన్నా ఇష్టం, ఇక్కడ నిలబడి చదవండి, పరిగెత్తొద్దు. యూనిఫామ్ మాగ్నెటిక్ ఫీల్డ్‌లో చార్జ్ గుండ్రంగా తిరుగుతుంది అనేది ఇంటర్ నుంచీ తెలుసు. దానికి అడ్డంగా ఎలక్ట్రిక్ ఫీల్డ్ పెడితే, ఫీల్డ్ లాగిన దిక్కుకి పోకుండా రెండిటికీ అడ్డంగా పక్కకి జరుగుతుంది, ఎలక్ట్రాన్ అయినా ప్రోటాన్ అయినా ఒకే వేగం, ఒకే దిక్కు. చార్జ్, మాస్ రెండూ ఈక్వేషన్‌లోంచి కొట్టుకుపోతాయి. ఇది నమ్మబుద్ధి కాక రెండు చార్జ్‌లకీ బొమ్మలు గీసి గీసి చూశా. పాజిటివ్ ఒకవైపు తిరుగుతుంది, నెగెటివ్ ఇంకోవైపు తిరుగుతుంది, ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఒకదాన్ని అటు ఒకదాన్ని ఇటు తోస్తుంది, ఈ రెండు తేడాలూ కలిసి చివరికి తేడా లేకుండా పోతుంది. అక్క చెప్పిన మాట, ‘ఈ క్రాస్ బి’ (E×B) డ్రిఫ్ట్ బొమ్మ నిద్రలో లేపి అడిగినా గీయాలి అని, అది అక్షరాలా నిజం, తర్వాత కోర్సంతా దాని మీదే నడుస్తోంది.

తర్వాత కంప్యూటర్. నా దగ్గర లాప్‌టాప్ లేదు, అన్న పాతది ఇచ్చాడు, బ్యాటరీ అరగంట కూడా రాదు, మధ్యాహ్నం కరెంటు పోతే పని ఆగిపోవడమే. పైథాన్ నాకు రెండో సెమ్‌లో వచ్చినంతే వచ్చు. అక్క ముందు ఆయిలర్ మెథడ్‌తో (చిన్న చిన్న టైమ్ స్టెప్పుల్లో ముందుకి లెక్క కట్టడం) ఎలక్ట్రాన్‌ని తిప్పమంది, తిప్పి ఎనర్జీ గ్రాఫ్ చూడమంది, ఎందుకో చెప్పలేదు. 1 టెస్లా ఫీల్డ్‌లో ఎలక్ట్రాన్ సెకనుకి 28 వందల కోట్ల సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 36 పికోసెకన్లు. స్టెప్ 1 పికోసెకన్ పెట్టి రన్ చేస్తే సర్కిల్ రావాల్సిన చోట చుట్ట విప్పుకుంటూ బయటికి పోయింది, ఒక్క చుట్టు తిరిగేసరికి వేగం దాదాపు 1.7 రెట్లు. మాగ్నెటిక్ ఫీల్డ్ పార్టికల్ మీద వర్క్ చేయదు, ఎనర్జీ మారకూడదు, మరి ఈ ఎనర్జీ ఎక్కడిది అంటే మెథడ్‌లోంచే పుట్టింది. ప్రతి స్టెప్‌కీ వేగం ఒకటిన్నర శాతం పెరుగుతుందని కాగితం మీద చేసి చూస్తే సరిగ్గా అదే వచ్చింది. తర్వాత బోరిస్ మెథడ్ అని చెప్పింది, వెలాసిటీని సాగదీయకుండా తిప్పడం మాత్రమే చేస్తుంది, ప్రోగ్రామ్‌లో నాలుగైదు లైన్లు ఎక్కువ అంతే, ఎన్ని చుట్లు తిప్పినా సర్కిల్ సర్కిల్‌గానే ఉంది. పెద్ద పెద్ద ప్లాస్మా సిమ్యులేషన్లలో కూడా ఇదే వాడతారంట. లాప్‌టాప్ లేనివాళ్ళు దిగులు పడొద్దు, ఈ ఒక్కటి తప్ప మిగతా ప్రిపరేషన్ అంతా సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌తో అయిపోతుంది, ఇది కూడా ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్‌లో చేయొచ్చు, టైపింగే ఇబ్బంది.

జూన్ ఆఖర్లో టోకమాక్ (ఫ్యూజన్ కోసం వేడి ప్లాస్మాని మాగ్నెటిక్ ఫీల్డ్‌తో పట్టి ఉంచే గుండ్రటి యంత్రం) ఎందుకు అలా మెలిక తిరిగిన ఫీల్డ్‌తో ఉంటుందో అర్థమైంది, ఈ మూడు నెలల్లో నాకు దక్కిన పెద్ద విషయం ఇదే అంటా. గుండ్రటి గొట్టంలో ఫీల్డ్‌ని చుట్టూ తిప్పేస్తే పార్టికల్స్ బయటికి పోవు కదా అనిపిస్తుంది. కానీ లోపలి వైపు ఫీల్డ్ ఎక్కువ, బయటి వైపు తక్కువ, ఆ తేడా వల్ల, వంపు వల్ల అయాన్లు పైకీ ఎలక్ట్రాన్లు కిందకీ జరుగుతాయి, లేదా అటుది ఇటు. పైన ఒక చార్జ్ కింద ఒక చార్జ్ చేరితే నిలువుగా ఎలక్ట్రిక్ ఫీల్డ్ పుడుతుంది, ఇంక ఈ క్రాస్ బి డ్రిఫ్ట్ మొదలు, అది చార్జ్ చూడదు కాబట్టి మొత్తం ప్లాస్మాని బయటి గోడకి తోసేస్తుంది. గాంధీనగర్‌లో 1989లో మొదలైన మన ఆదిత్య టోకమాక్ సైజు తీసుకున్నా, పెద్ద రేడియస్ 75 సెంటీమీటర్లు, చిన్నది 25. అయాన్ 100 ఎలక్ట్రాన్ వోల్టులు, ఫీల్డ్ 1 టెస్లా అని వేస్తే పైకీ కిందకీ జరిపే ఆ మొదటి డ్రిఫ్ట్ సెకనుకి 267 మీటర్లు, అంటే 25 సెంటీమీటర్లు దాటడానికి మిల్లీసెకను కూడా పట్టదు. అందుకే ప్లాస్మాలోనే కరెంట్ పంపి ఫీల్డ్‌ని మెలితిప్పుతారు, పార్టికల్ ఆ మెలికతో పైకీ కిందకీ తిరుగుతూ చేరిన చార్జ్‌ని కలిపేస్తుంది. ఇది నేనే లెక్క కట్టి అక్కకి ఫోన్‌లో వినిపిస్తే, ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నే ఇది అంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

జులై మాత్రం చాలా చెడ్డగా గడిచింది. క్యాంపస్‌కి తిరిగొచ్చాక తెలిసింది, ఎలెక్టివ్ నడవాలంటే కనీసం ఎనిమిది మంది పేర్లివ్వాలంట, మా బ్యాచ్‌లో ఇష్టపడినవాళ్ళం నలుగురమే. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు, మీరు మాత్రం ఏప్రిల్‌లోనే కనుక్కోండి. మిగతా అందరూ ఎలక్ట్రానిక్స్ వైపే. ఒక్కొక్కరి రూమ్‌కి వెళ్ళి అడిగా, సిలబస్ చూపించి, నోట్స్ అన్నీ ఇస్తానని మాటిస్తే అమ్మాయిల హాస్టల్‌లో ఇద్దరు ఒప్పుకున్నారు, ఇంకో ఇద్దర్ని మా క్లాస్ అబ్బాయి ఒకతను తెచ్చాడు. మొదటి వారంలో పేర్లిచ్చాం, దాదాపు ఐదు వారాలు ఏ సంగతీ చెప్పలేదు. ఆఫీసుకి వెళ్తే ఫైల్ పైకి పోయింది అనేవాళ్ళు. రోజూ సాయంత్రం చదవాలని కూర్చుంటే, అసలు పేపరే లేకపోతే ఇదంతా దేనికి అని చెయ్యి ఆగిపోయేది. నాయన ఫోన్ చేసి ఏమైంది అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

ఆ నెలలో ఒక్క మంచి రోజు గాదంకి వెళ్ళిన రోజు. జూనియర్ల విజిట్ బస్సులో సీట్లుంటే మమ్మల్నీ ఎక్కించుకున్నారు. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లాబొరేటరీ, అక్కడ వాతావరణం పై పొరల్ని చూసే ఎమ్మెస్టీ రాడార్ ఉంది. 130 మీటర్లకి 130 మీటర్లు స్థలంలో 1024 యాగి యాంటెనాలు వరసగా నిలబెట్టారు, 53 మెగాహెర్ట్జ్. నాకు వెంటనే 9 మెగాహెర్ట్జ్ లెక్క గుర్తొచ్చింది, 53 అయితే అయనోస్ఫియర్‌ని దాటిపోవాలి కదా, మరి పైనుంచి ఏం తిరిగొస్తుంది అని అడిగా. చూపిస్తున్న సార్ ఆగి వివరంగా చెప్పారు. పొర మొత్తం తిప్పి పంపదు, కానీ ప్లాస్మాలో డెన్సిటీ ఎగుడుదిగుడులుంటాయి, వాటిలో రాడార్ వేవ్‌లెంగ్త్‌లో సగం సైజువి, అంటే సుమారు 2.8 మీటర్లవి, సిగ్నల్‌ని వెనక్కి చెదరగొడతాయి. సాయంత్రం సూర్యుడు దిగాక మన వైపు, మాగ్నెటిక్ ఈక్వేటర్ దగ్గర కాబట్టి, కింద పలచన పైన దట్టం అయిపోయి కింది పలచటి ప్లాస్మా పైకి పొంగుతుంది, దానివల్ల రాత్రిపూట శాటిలైట్ సిగ్నల్స్, జీపీఎస్ చెదురుతాయి అన్నారు. ఈ పొంగడం వెనక ఉన్న, గ్రావిటీ వల్ల వచ్చే డ్రిఫ్ట్ నా నోట్‌బుక్‌లో ఉంది, అంత చిన్న డ్రిఫ్ట్ ఎందుకు చదవడం అనుకున్నది, ఇక్కడ ఇంత పని చేస్తోంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు, పేపర్ నడిచినా నడవకపోయినా ఇది చదువుతాను అని గట్టిగా అనుకున్నా.

ఆ తర్వాత మిగిలిన టైమ్‌లో వేవ్స్‌కి కావాల్సిన లెక్కలు చూసుకున్నా. ప్రతి చిన్న మార్పునీ ఎక్స్‌పొనెన్షియల్‌గా రాసేస్తే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మామూలు ఆల్‌జీబ్రా అయిపోతాయి, టైమ్ డెరివేటివ్ చోట మైనస్ ఐ ఒమేగా, గ్రాడియంట్ చోట ఐ కె. ఒక జాగ్రత్త, ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో ప్లస్ జె ఒమేగా టి ఉంటుంది, రెండు కన్వెన్షన్లు కలిపి చదివితే పెరిగే వేవ్ తగ్గుతున్నట్టు, తగ్గేది పెరుగుతున్నట్టు కనపడుతుంది, ఒకటే పట్టుకోండి. లాండావ్ డాంపింగ్ మాత్రం కోర్సుకి ముందు పెట్టుకోవద్దు, ఇది నా గట్టి అభిప్రాయం. 1946లో లాండావ్ ఒట్టి మ్యాథ్స్‌తో తెచ్చాడు, కొలిజన్లు లేకుండానే వేవ్ తగ్గిపోతుందని, దాన్ని ప్రయోగంలో మాల్మ్‌బర్గ్, వార్టన్ చూపించింది 1964లో. అంతటి విషయం, కాంటూర్ ఇంటిగ్రేషన్ గట్టిగా కావాలి. ఇంట్లో ఒంటరిగా దాని మీద నెల పెట్టడం కన్నా ఆ నెల డ్రిఫ్ట్‌ల మీద పెడితే నయం.

ఆగస్టు రెండో వారంలో నోటీస్ బోర్డులో మా పేపర్ పేరు పెట్టారు. ఎనిమిది మందిమీ సార్ రూమ్‌కి వెళ్ళాం, ఆయన కూడా మాలాగే ఎదురుచూస్తున్నారని అప్పుడే తెలిసింది. మొదటి క్లాసులో సార్ బోర్డు మీద ఏం రాయకుండా, కొవ్వొత్తి మంట ప్లాస్మానా కాదా, మీకేం నంబర్లు కావాలో నన్నడగండి, ఇస్తా, మీరే తేల్చండి అన్నారు. వేసవిలో మిద్దె మీద చేసిన పనంతా అదే. డెన్సిటీ ఎంత సార్, టెంపరేచర్ ఎంత సార్, న్యూట్రల్స్‌తో గుద్దుకోవడం ఎంతసేపటికి ఒకసారి సార్ అని నేనే ముందడిగా. ఆ మూడో ప్రశ్నే కీలకం, డెబై లెంగ్త్ సరిపోయినా గ్యాస్‌తో గుద్దుకోవడం ప్లాస్మా ఆసిలేషన్ కంటే వేగంగా జరుగుతుంటే అది ప్లాస్మాలా ప్రవర్తించదు. ఇంటర్నల్‌లో ఎక్కువ మార్కులకి డ్రిఫ్ట్ లెక్కలే వచ్చాయి, సుఖంగా రాశా.

ప్రిపరేషన్‌లో నేను ముట్టుకోనిది, క్లాసులో అందరికీ అడ్డం పడింది ఒకటుంది, ఫ్లూయిడ్ ఈక్వేషన్లలో కన్వెక్టివ్ డెరివేటివ్. సార్ ఇచ్చిన కాగితంలోనూ లేదు. మా క్లాసులో ఒకమ్మాయికి నేను ఇలా చెప్పా, అలిపిరి నుంచి కొండ మీదకి బస్సులో పోతుంటే చలి పెరుగుతుంది, ఎక్కడ చలి అక్కడ అలాగే ఉంది, ఏ చోటా వాతావరణం మారలేదు, మనం కదలడం వల్ల మనకి మారింది, ఆ రెండో ముక్కే వి డాట్ గ్రాడ్. మీరు ముందే చూసుకోగలిగితే ఇది, కంటిన్యుటీ ఈక్వేషన్, రెండూ చూసుకుని వెళ్ళండి, రెండు మూడు సాయంత్రాలు చాలు.

ఖర్చు అడుగుతారు కాబట్టి, పుస్తకం, కార్గో, జిరాక్సులు, నోట్‌బుక్కులు, డేటా రీఛార్జులు అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది నాకు. నాయన ఇంకా బీఈడీ మాట వదల్లేదు, కానీ గాంధీనగర్ ఎంత దూరం, ట్రైన్ ఉందా అని మొన్న తనే అడిగాడు. పీహెచ్‌డీ ఎంట్రన్స్ జెస్ట్‌కి అప్లై చేయాలి, అది వేరే కథ. సార్ అక్టోబర్‌లో లాండావ్ డాంపింగ్ మొదలుపెడతానన్నారు, అందుకే దసరా సెలవుల్లో మేం నలుగురం హాస్టల్‌లోనే ఉండి దానికి కావాల్సిన రెసిడ్యూ థియరమ్ లెక్కలు చేస్తున్నాం, నా పాత నోట్‌బుక్కుల ఫోటోలు ఇప్పటికే మా జూనియర్లకి ఇచ్చేశా.